నిస్తంత్రీ సందేశ నిర్మాత - మార్కోనీ

గోడలకు చెవులుంటాయని పెద్దలు హెచ్చరిస్తారు. రహస్యం చెప్పదలచినవాడు నాలుగు గోడల మధ్య ఉన్నా గొంతు తగ్గించి మాట్లాడాలని దాని భావం. మరి గోడలే లేని ఆకాశంలోకి మాటను విడిచిపెడితే దాని రహస్యం నిలిచేదెలా? తీగల ఆధారం లేకుండా మానవుని సందేశాన్ని మహాసముద్రాలు దాటించిన గుగ్లియెల్మో మార్కోనీని ఈ ప్రశ్న చాలాకాలం నీడవలె వెన్నాడింది. నేడు ప్రతివారి చేతిలో ఉన్న సెల్‌ఫోను, ఇంటింటా వెలసిన వైఫై, చెవికి తగిలించుకునే బ్లూటూత్ సాధనం ఆయన వేసిన బాటలో నడుస్తున్నవే. అందువల్ల ఆయన సాధించిన విజయాలు ఎంత స్మరణీయాలో, ఆయనకు ఎదురైన ఒక భంగపాటు కూడా అంత పరిశీలించదగినది.

మార్కోనీ 1874 ఏప్రిల్ 25న ఇటలీ దేశంలోని బొలోనా నగరంలో జన్మించాడు. తండ్రి జుసెప్పె మార్కోనీ సంపన్నుడైన భూస్వామి. తల్లి అన్నీ జేమ్సన్ ఐర్లండు దేశస్థురాలు. బాల్యంలో అతని చదువు ఎక్కువభాగం ఇంటివద్దనే, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో సాగింది. విశ్వవిద్యాలయ పట్టం పొందే అవకాశం అతనికి కలగలేదు. కాని భౌతికశాస్త్రంపైన, ముఖ్యంగా విద్యుత్తుపైన అతనికున్న ఆసక్తిని తల్లి గుర్తించింది. బొలోనా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆగస్టో రీగీ ఆ యువకునికి తన ప్రయోగశాలను, గ్రంథాలయాన్ని ఉపయోగించుకొనే వీలు కల్పించాడు.

విద్యుదయస్కాంత తరంగాలు ఉండాలని స్కాట్లండు శాస్త్రవేత్త మాక్స్‌వెల్ గణితం ద్వారా ఊహించగా, జర్మనీకి చెందిన హెర్ట్జ్ 1887-88 సంవత్సరాలలో వాటి ఉనికిని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. 1894లో హెర్ట్జ్ చిన్న వయస్సులోనే మరణించాడు. ఆ సందర్భంగా వెలువడిన వ్యాసాలను చదివిన ఇరవై ఏళ్ల మార్కోనీకి ఒక ఆలోచన స్ఫురించింది. కంటికి కనిపించని ఈ తరంగాలను వార్తాహరులుగా ఎందుకు ఉపయోగించకూడదని అతడు తర్కించాడు. అదే కాలంలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్, ఇంగ్లండులో ఆలివర్ లాడ్జి, రష్యాలో పొపోవ్ ఈ తరంగాలపై విశేష పరిశోధనలు సాగిస్తున్నారు. వారిలో పలువురికి తరంగాల స్వభావం తెలుసుకోవడమే ప్రధానం. మార్కోనీకి మాత్రం వాటిచేత పని చేయించడమే ధ్యేయం.

పొంటెక్కియో గ్రామంలోని తమ గ్రిఫోనె భవనపు పై అంతస్తులో మార్కోనీ ప్రయోగాలు ప్రారంభించాడు. ఒకచోట విద్యుత్ మెరుపు పుట్టించి, మరొకచోట లోహపు రజను నింపిన గాజుగొట్టం ద్వారా దానిని గ్రహించేవాడు. ఒక తీగను ఎత్తుగా నిలిపి, మరొక కొసను భూమికి కలిపినప్పుడు తరంగాలు మరింత దూరం ప్రయాణిస్తున్నట్లు గమనించాడు. 1895లో గ్రాహకయంత్రాన్ని కొండ ఆవలికి పంపాడు. సంకేతం అందగానే అన్న ఆల్ఫోన్సో ఆవలినుండి తుపాకి పేల్చి ఆ శుభవార్త తెలియజేశాడు. కంటికి కనిపించనంత దూరానికి, అడ్డుగా కొండ ఉన్నప్పటికీ, సందేశం చేరగలదని ఆ ధ్వని చాటింది.

1896లో మార్కోనీ తల్లితో కలిసి లండను చేరాడు. వేలాది ఓడలు గల ఇంగ్లండుకు నడిసముద్రంతో మాట్లాడగల సాధనం అత్యవసరం. తపాలా శాఖ ప్రధాన ఇంజనీరు విలియం ప్రీస్ అతనికి అండగా నిలిచాడు. ఆ సంవత్సరమే మార్కోనీ తన పద్ధతికి పేటెంటు కోరాడు. 1897లో బ్రిస్టల్ జలసంధి మీదుగా సందేశాలు పంపి, అదే సంవత్సరం ఒక వాణిజ్య సంస్థను స్థాపించాడు. 1899లో ఇంగ్లిష్ చానెల్‌ను దాటి ఫ్రాన్సు, ఇంగ్లండుల మధ్య వార్తలు నడిపాడు. ఆ ఏడాదే ఈస్ట్ గుడ్విన్ దీపనౌక ప్రమాదసమయంలో నిస్తంత్రీ యంత్రం ద్వారా తీరం నుండి సహాయం అర్థించగలిగింది. నిస్తంత్రి కేవలం వింతవస్తువు కాదని, ప్రాణరక్షణ సాధనమని లోకం గుర్తించింది.

అయితే ఈ నూతన విద్యకు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. తీగ మీదుగా సాగే టెలిగ్రామును దొంగిలించాలంటే ఆ తీగ దగ్గరకు పోవాలి. నిస్తంత్రీ సందేశం చెరువులో రాయి వేసినప్పటి అలవలె అన్ని దిక్కులకు వ్యాపిస్తుంది. ఎత్తైన తీగ, ఒక గ్రాహకయంత్రం ఉన్న ప్రతివాడు దానిని వినగలడు. అంతేకాదు, ప్రసారయంత్రం ఉన్నవాడు మధ్యలో తన గొంతు కలపగలడు. రెండు కేంద్రాలు ఒకేసారి ప్రసారం చేస్తే ఏ మాట ఎవరిదో తెలియని గందరగోళం ఏర్పడుతుంది.

దీనికి పరిష్కారంగా మార్కోనీ శ్రుతి కలిపే పద్ధతిని అభివృద్ధి చేశాడు. ఒకే శ్రుతిలో ఉన్న రెండు తీగలలో ఒకదానిని మీటితే రెండవది తనంతట తాను స్పందిస్తుంది, శ్రుతి వేరైతే మౌనంగా ఉండిపోతుంది. అదేవిధంగా ప్రసారయంత్రాన్ని, గ్రాహకయంత్రాన్ని ఒకే పౌనఃపున్యానికి సవరిస్తే, ఆ రెండూ తమలో తాము సంభాషించుకుంటాయి. ఆ పద్ధతికి మార్కోనీ 1900 ఏప్రిల్‌లో కోరిన పేటెంటు 7777 అనే సంఖ్యతో ప్రసిద్ధి చెందింది. ఒక కేంద్రం మాట మరొక కేంద్రం మాటతో కలిసిపోకుండా అది చాలావరకు కాపాడింది. కాని మార్కోనీ అంతటితో ఆగక, శ్రుతి కలిసిన యంత్రాల సందేశాన్ని ఇతరులు పసిగట్టలేరని కూడా ప్రకటించాడు. సందేశాలు కలగాపులగం కాకుండా చూడడం వేరు, వాటిని రహస్యంగా ఉంచడం వేరు. ఈ భేదం ఆయనకు చేదు అనుభవం ద్వారా గాని బోధపడలేదు.

1901 డిసెంబరు 12న మార్కోనీ కీర్తి శిఖరాన్ని అందుకుంది. ఇంగ్లండులోని కార్నవాల్ తీరాన పోల్డూ కేంద్రం నుండి ఎస్ అక్షరానికి గుర్తయిన మూడు చుక్కల మోర్స్ సంకేతాన్ని పంపే ఏర్పాటు చేసి, ఆయన స్వయంగా అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవల న్యూఫౌండ్‌లండులోని సిగ్నల్ హిల్‌కు చేరాడు. హోరుగాలిలో గాలిపటం సాయంతో తీగను పైకి లేపి ఆ సంకేతాన్ని ఆలకించాడు. పండితులు కొందరు ఆ వార్తను సందేహించారు. మరుసటి సంవత్సరం ఫిలడెల్ఫియా అనే ఓడపై ప్రయాణిస్తూ దూరదూరాల నుండి సంకేతాలను గ్రహించి, వాటిని కాగితంపై నమోదు చేయించి, ఆయన తన వాదాన్ని బలపరచుకొన్నాడు.

ఈ విజయం సముద్రగర్భంలో తీగలు పరచి వ్యాపారం చేస్తున్న సంస్థలకు కలవరం కలిగించింది. తీగలే అవసరం లేకపోతే వారి అపార పెట్టుబడి ఏమి కావాలి? వాటిలో ఒకటైన ఈస్టర్న్ టెలిగ్రాఫ్ కంపెనీ నెవిల్ మాస్కెలిన్ అనే వ్యక్తిని రంగంలోకి దింపింది. అతడు లండనులో పేరుపొందిన ఇంద్రజాలికుల కుటుంబానికి చెందినవాడు. నిస్తంత్రీ విద్యలో స్వయంగా ప్రయోగాలు చేసినవాడు. మార్కోనీ పేటెంట్లు తన ప్రయత్నాలకు అడ్డుపడుతున్నాయని అతనికి మనస్తాపం కూడా ఉంది. అతడు కార్నవాల్ తీరాన పోర్త్‌కర్నో సమీపంలో ఎత్తైన స్తంభాన్ని నాటి, పోల్డూ నుండి వెలువడే సందేశాలను సునాయాసంగా విన్నాడు. 1902 నవంబరులో ఆ సంగతిని ఒక సాంకేతిక పత్రికలో వెల్లడించాడు. అయినప్పటికీ మార్కోనీ పక్షంవారు తమ విశ్వాసాన్ని సడలించుకోలేదు.

1903 జూన్ 4న లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభామందిరం ప్రేక్షకులతో నిండిపోయింది. మార్కోనీ సలహాదారు, ప్రసిద్ధ భౌతికశాస్త్రవేత్త జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ అక్కడ ఉపన్యసిస్తున్నాడు. సుమారు 480 కిలోమీటర్ల దూరంలో పోల్డూ వద్ద ఉన్న మార్కోనీ నుండి సందేశాన్ని అందుకొని సభకు చూపడం ఆనాటి ముఖ్యాంశం. నిర్ణీత సమయానికి కొద్ది నిమిషాల ముందే యంత్రం తనంతట తాను టకటకలాడసాగింది. మోర్స్ భాష తెలిసిన ఫ్లెమింగ్ సహాయకుడు ఆ శబ్దాలు ఆలకించి నిర్ఘాంతపోయాడు. ఎలుకలు అనే అర్థమిచ్చే ఆంగ్లపదం పదేపదే వస్తోంది. తరువాత ఇటలీ యువకుడొకడు ప్రజలను మోసగిస్తున్నాడని ఎగతాళి చేసే పద్యం వచ్చింది. మార్కోనీ సందేశం రావలసిన క్షణానికి ముందు ఆ అల్లరి ఆగిపోయింది. ఉపన్యాసం యథాప్రకారం ముగిసింది. ప్రేక్షకులలో ఎక్కువమందికి జరిగినది తెలియనే లేదు.

ఫ్లెమింగ్ ఆగ్రహించి, ఈ దుశ్చర్యకు పాల్పడినవారిని కనిపెట్టేందుకు సహకరించవలసిందని టైమ్స్ పత్రికకు లేఖ రాశాడు. కొద్ది రోజులలోనే మాస్కెలిన్ ఆ పని తానే చేసినట్లు అదే పత్రికలో బహిరంగంగా ఒప్పుకొన్నాడు. దగ్గరలోని తమ ప్రదర్శనశాల నుండి ఒక సాధారణ ప్రసారయంత్రంతో అతడు ఆ సంకేతాలు పంపాడు. ప్రకటించిన రక్షణ నిజంగా లేదని ప్రజలకు తెలియజేయడమే తన ఉద్దేశమని సమర్థించుకొన్నాడు. అతని వెనుక పోటీ సంస్థ ప్రయోజనం, వ్యక్తిగత ద్వేషం లేవని చెప్పలేము. సభామర్యాద అతిక్రమించడం ఒప్పని చెప్పలేము. కాని అతడు వేలెత్తి చూపిన లోపం మాత్రం సత్యం. ఆ లోపంలో రెండు ముఖాలున్నాయి. పోర్త్‌కర్నోలో తేలినది మొదటిది: సందేశాన్ని ఎవరైనా వినవచ్చు. లండను సభలో తేలినది రెండవది: పంపినవాడెవరో యంత్రం గుర్తించలేదు. గ్రాహకయంత్రానికి మార్కోనీ అయినా మాస్కెలిన్ అయినా ఒకటే.

విచిత్రమేమిటంటే, లోపమని నిందింపబడిన ఆ గుణమే కొన్ని సంవత్సరాలకు వందలాది ప్రాణాలను కాపాడింది. తన సంస్థ యంత్రాలు లేని ఓడలతో సంభాషణకు మార్కోనీ సంస్థ మొదట నిరాకరించేది. 1906లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ ఒప్పందం ఆ ధోరణిని మార్చింది. ప్రమాదసూచకంగా ఎస్ఓఎస్ సంకేతాన్ని కూడా ఖరారు చేసింది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ నౌక మంచుకొండను ఢీకొన్నప్పుడు అందులోని నిస్తంత్రీ ఉద్యోగులు చేసిన ఆక్రందన కార్పేతియా ఓడ చెవిన పడింది. 1,500 మందికి పైగా జలసమాధి అయినా, సుమారు 700 మంది ప్రాణాలతో బయటపడ్డారు. అందరూ వినగలగడమే ఆ రాత్రి వారికి రక్ష అయింది. కాని ఆ తరువాతి గంటలలో ఎవరు పంపారో తెలియని సందేశాలు కలగలిసి, టైటానిక్ క్షేమంగా ఉందన్న అసత్యవార్తలు పత్రికలకెక్కాయి. ఆ సంవత్సరమే అమెరికా ప్రభుత్వం ప్రసార కేంద్రాలకు అనుమతిపత్రం తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది.

మొదటి ప్రపంచయుద్ధం ఈ పాఠాన్ని మరింత కఠినంగా బోధించింది. 1914 ఆగస్టులో రష్యా సేనాపతులు తమ ఆజ్ఞలను రహస్యలిపిలోకి మార్చకుండా నిస్తంత్రి ద్వారా పంపారు. జర్మన్ సైన్యం వాటిని విని, టానెన్‌బర్గ్ వద్ద రష్యా సైన్యాన్ని చుట్టుముట్టింది. సుమారు 90,000 మంది రష్యన్ సైనికులు బందీలయ్యారు. గాలిలో వదిలిన మాట శత్రువు చెవిన పడక తప్పదని, కాబట్టి అది శత్రువుకు అర్థం కాకుండా చేయడమే ఉపాయమని ప్రపంచ సైన్యాలు గ్రహించాయి. దాచవలసినది తరంగాన్ని కాదు, అందులోని అర్థాన్ని. సంకేతలిపి శాస్త్రానికి అప్పటినుండి అపూర్వమైన ప్రాధాన్యం లభించింది.

యుద్ధకాలంలో ఇటలీ సైన్యంలోను, నౌకాదళంలోను సేవచేసిన మార్కోనీ హ్రస్వ తరంగాలపై దృష్టి సారించాడు. తరంగాలను అన్ని వైపులకు వెదజల్లక, అద్దంతో వెలుగును మళ్లించినట్లు ఒకే దిశకు కేంద్రీకరించే పద్ధతిని తన సహచరులతో కలిసి రూపొందించాడు. 1926-27 సంవత్సరాలలో ఇంగ్లండును కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, భారతదేశాలతో ఈ పద్ధతి కలిపింది. తక్కువ శక్తితో ఎక్కువ దూరం చేరడమే గాక, దారిపక్కన పొంచి వినేవారికి అవకాశం కొంత తగ్గడం దీనివల్ల కలిగిన మేలు. అయినా అది కూడా సంపూర్ణ రక్షణ కాదు.

1909లో మార్కోనీ జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్‌తో కలిసి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతిని పంచుకొన్నాడు. ఆయన కీర్తికి వివాదాలు కూడా తోడుగానే నడిచాయి. శ్రుతి కలిపే విధానంలో లాడ్జికి ఉన్న హక్కును 1911లో మార్కోనీ సంస్థ కొనుగోలు చేయవలసి వచ్చింది. ఆయన మరణానంతరం 1943లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం ఆ విషయంపై ఆయన పొందిన అమెరికా పేటెంటులోని ముఖ్యభాగాలు చెల్లవని తీర్పునిచ్చింది. 1923లో ఆయన ముస్సోలినీ ఫాసిస్టు పక్షంలో చేరి, ఆ పాలనలో గౌరవపదవులు స్వీకరించడం ఆయన జీవితంలో మాయని మచ్చ. 1937 జూలై 20న మార్కోనీ రోములో కన్నుమూశాడు. ఆయన గౌరవార్థం పలు దేశాల రేడియో కేంద్రాలు రెండు నిమిషాలు ప్రసారాలు నిలిపివేశాయి.

మార్కోనీ గతించినా ఆయనను వెన్నాడిన ప్రశ్న గతించలేదు. 1942లో నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి పౌనఃపున్యాన్ని క్షణక్షణం మారుస్తూ సందేశం పంపే విధానానికి పేటెంటు పొందారు. దానిని పోలిన పద్ధతినే బ్లూటూత్ అనుసరిస్తుంది. దాని మౌలిక విధానంలో తరంగం సెకనుకు 1,600 సార్లు తన స్థానం మార్చుకుంటుంది. ఇది అంతరాయాలను తప్పిస్తుంది. కాని మార్కోనీ శ్రుతివలెనే, ఇది తాళం కాదు. 1990లలో వైఫైకి రక్షణగా రూపొందిన డబ్ల్యూఈపీ అనే సంకేతలిపి బలహీనమైనదని 2001 నాటికి శాస్త్రజ్ఞులు నిరూపించారు. దాని స్థానంలో 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాయి. 2017లో డబ్ల్యూపీఏ2 లో కూడా లోపం బయటపడగా, 2018లో డబ్ల్యూపీఏ3 వెలువడింది. 2019లో బ్లూటూత్ పరికరాలు రెండు కలిసేటప్పుడు రహస్య తాళపుచెవి పొడవును మూడవవాడు కుదింపజేసి, దానిని తేలికగా ఊహించగలడని వెల్లడైంది. ఈ లోపాలను కనిపెట్టిన పరిశోధకులు వాటిని ముందుగా తయారీదారులకు తెలియజేసి, సవరణకు వ్యవధి ఇచ్చారు. మాస్కెలిన్ చేసినట్లు నిండుసభలో పరిహసించలేదు. నూరేళ్లలో లోకం నేర్చుకున్న సంస్కారం ఇది.

అజాగ్రత్త ఫలితం భారతదేశానికి కూడా అనుభవమే. 2008 జూలైలో అహ్మదాబాదు బాంబు పేలుళ్లకు బాధ్యత వహిస్తూ ఉగ్రవాదులు పంపిన ఈమెయిల్, నవీ ముంబైలో రక్షణ లేని ఒక ఇంటి వైఫై ద్వారా వెళ్లినట్లు తేలింది. ఏ పాపం ఎరుగని ఆ ఇంటివారు విచారణ ఎదుర్కోవలసి వచ్చింది. తలుపు తెరచి ఉంచిన ఇంటిలో దొంగ దూరడమే కాదు, ఆ ఇంటి యజమాని పేరుతో నేరం కూడా చేయగలడు.

కావున నిస్తంత్రీ సాధనాలు వాడే ప్రతివారు కొన్ని నియమాలు పాటించడం అవసరం. వైఫై యంత్రంతోపాటు వచ్చిన సంకేతపదాన్ని వెంటనే మార్చి, పొడవైన, ఇతరులు ఊహించలేని పదాన్ని నిర్ణయించుకోవాలి. డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 రక్షణను ఎంచుకోవాలి. తయారీదారులు పంపే సవరణలను వాయిదా వేయక స్వీకరించాలి. అవసరం తీరగానే బ్లూటూత్‌ను ఆపివేయాలి. రెండు పరికరాలను కలిపేటప్పుడు రెండింటిపైనా కనిపించే సంఖ్య ఒకటేనని సరిచూడాలి. తాము కోరకుండా వచ్చిన కలయిక అభ్యర్థనను తిరస్కరించాలి. రైల్వే స్టేషన్లు, హోటళ్ల వంటి బహిరంగ ప్రదేశాల వైఫైపై బ్యాంకు వ్యవహారాలు నడపకుండుట శ్రేయస్కరం. ఈ నియమాలన్నింటి సారం రెండు ప్రశ్నలలో ఇమిడి ఉంది. ఈ మాట ఇంకెవరికి అర్థమవుతుంది? అవతల ఉన్నది నిజంగా ఎవరు?

మార్కోనీ తీగను జయించాడు, దూరాన్ని జయించాడు. తన సృష్టిపై గల మితిమీరిన నమ్మకాన్ని మాత్రం జయించలేకపోయాడు. ఆయన ప్రతిభను ఆదరించే యువతరం ఆ పొరపాటును కూడా గుర్తుంచుకోవాలి. ఆకాశం అందరిదీ. దానికి తలుపులు బిగించడం ఎవరికీ సాధ్యం కాదు. ఆకాశంలోకి పంపే ప్రతి సందేశానికి దృఢమైన తాళం వేసి, పంపినవారి గుర్తింపును దానికి జోడించడం మాత్రం సాధ్యం. లోపాన్ని దాచడంవల్ల గాక, ఒప్పుకొని సవరించడంవల్లనే విజ్ఞానం విశ్వాసపాత్రమవుతుంది.